అరుగుతున్న సబ్బు బొమ్మ

రిటైరయ్యాక లూయిస్ మేష్టారు సబ్బుల పిచ్చిలో పడ్డాడు.

కొత్త సబ్బులు కాదు, జనం వాడి వదిలేసినవి. యానాంలో ఏటిగట్టు వైపు ఓ లాడ్జి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఓ పూట ఉంటారు, తాగుతారు, తింటారు, మర్నాడు వెళ్ళిపోతారు. బాత్రూముల్లో సగం అరిగిన సబ్బులు మిగిలిపోతాయి. లాడ్జి మేనేజరు వీరబాబు చిన్నప్పుడు బళ్ళో మేష్టారి దగ్గర బొమ్మలెయ్యడం నేర్చుకున్నవాడే. ఆ ముక్కలన్నీ ఓ బకెట్లో వేయించి ఉంచేవాడు. లూయిస్ పొద్దున్నే సంచీ పుచ్చుకుని వెళ్ళి తెచ్చుకునేవాడు.

తెచ్చాక పెద్ద తతంగం. ముందు వెంట్రుకలు ఏరాలి. ఆయన భార్య జోసెఫిన్‌కి ఒళ్ళు జలదరించేది అక్కడే. ఎవరివో తెలియని వెంట్రుకలు, పొడుగువీ పొట్టివీ, నల్లవీ గోరింటాకు రంగువీ, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ పీకి కాయితం మీద పెట్టేవాడు. ఆ తర్వాత ముక్కల్ని వేన్నీళ్ళలో నానబెట్టి, చపాతీ పిండిలా పిసికి, రేకు డబ్బాలో కూరి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టేవాడు. ఆరాక రేకు కోసి తీస్తే దుంగలాంటి ముద్ద వచ్చేది. తెలుపు, గులాబి, ఆకుపచ్చ, అన్నీ చారలు చారలుగా. దాన్ని కూరల కత్తితో, విరిగిన రంపం బ్లేడుతో, అగరొత్తి పుల్లలతో చెక్కేవాడు.

ఏటా క్రిస్మస్‌కి వాళ్ళ చర్చిలో కట్టే పశువుల పాకకి బొమ్మలు ఆయనవే. బాలయేసు, మరియమాత, ఆమె భర్త జోజప్పగారు, గొల్లలు, గొర్రెలు, అన్నీ సబ్బువే. పాక దగ్గరికెళ్తే కొవ్వొత్తుల వాసన కంటే స్నానాల గది వాసన ఎక్కువొచ్చేది. పిల్లలు బొమ్మలకి ముక్కులానించి మురిసిపోయేవారు.

"ఊళ్ళోవాళ్ళ ఒంటి మురికంతా తెచ్చి దేవుడి ముందు పెడుతున్నారు," అనేది జోసెఫిన్.

"సబ్బుకి మురికేంటే. అది మురికిని వదిలించేది కదా," అనేవాడు లూయిస్.

"వదిలింది ఎక్కడికి పోతుందండీ మరి," అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. అంతకు మించి గొడవేమీ ఉండేది కాదు. పేకాటకీ సీసాకీ పోకుండా సబ్బు చెక్కుకుంటున్నాడు, నయమే అనుకునేది.

ఈ ఏడు చర్చివాళ్ళు పాక పెద్దగా కడతామన్నారు. బొమ్మలూ పెద్దవి కావాలన్నారు. దసరా వెళ్ళాక ఓ రోజు లూయిస్ లాడ్జి నుంచి ఆటోలో వచ్చాడు. ఈసారి సంచీ కాదు, బకెట్ల నిండా సబ్బు. అంతా ఒకటే రకం, గంధం సబ్బు. ఎండుటాకుల్లా పల్చగా అరిగిన బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఒక్కసారే ఇన్నెక్కడివండీ?"

"ఎవరో చాన్నాళ్ళున్నారంట. గది ఖాళీ అయ్యింది," అన్నాడు, చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ. ఆమె వంక చూడలేదు.

ఆ రోజు ఆయన పట్టకారు తియ్యలేదు. తియ్యాల్సిన అవసరం లేకపోయింది. అంత సబ్బులో ఒక్క వెంట్రుకా లేదు. జోసెఫిన్ దగ్గరికెళ్ళి వంగి చూసింది. మనిషి ఒంటికి తగిలిన సబ్బులా లేదు. అయినా అంతలా అరిగిపోయింది.

ఆ సబ్బుతో మరియమాతని మొదలుపెట్టాడు.

మూరెడు ఎత్తు బొమ్మ. మోకాళ్ళ మీద కూర్చుని, తల మీద ముసుగుతో, రెండు చేతులూ జోడించి ఉంటుంది. ఆయన చెక్కుతుంటే పొట్టు వరండా అంతా రాలేది. నడిస్తే పాదాలకి జిగురుగా అంటుకునేది. అన్నంలోకి కూడా గంధం వాసన వచ్చేస్తోందని జోసెఫిన్ విసుక్కునేది. ఇదివరకు చెక్కేటప్పుడు ఆయన ఈల వేసుకునేవాడు. ఇప్పుడు ఈల లేదు. పలకరిస్తే పలకడు. ఒక్కోసారి చెక్కడం ఆపి, తల కాస్త పక్కకి వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు కూర్చునేవాడు.

ముఖం పూర్తయిన సాయంత్రం జోసెఫిన్ టీ గ్లాసు పట్టుకెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

ఏటా ఆయన చెక్కే మరియమాతకి కోలముఖం, వాలిన కళ్ళు. ఇది అది కాదు. ఎవరో నడివయసు ఆడమనిషి. వెడల్పు నుదురు, కాస్త ఎత్తుగా ఉన్న పైపెదవి, ఎడమ కన్ను కుడిదానికంటే చిన్నది. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కినట్టుంది. ముక్కు మీద పుడక తీసేసినచోట ఉండేలాంటి సన్నటి చిల్లు కూడా ఉంది.

"ఎవరండీ ఈవిడ?"

"మరియమాత."

"మరియమాతకి ముక్కు కుట్టించారా?"

లూయిస్ కత్తి దించి బొమ్మ వంక అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "అది నేను పెట్టింది కాదు. సబ్బులో గాలి బుడగ. చెక్కుతుంటే బయటపడింది."

"ముఖం కూడా అలాగే బయటపడిందా?"

ఆయన టీ తాగేసి గ్లాసు కింద పెట్టి మళ్ళీ కత్తి అందుకున్నాడు.

పెళ్ళై ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆయన మీద జోసెఫిన్‌కి ఎప్పుడూ అనుమానం రాలేదు. ఆ సాయంత్రం మొదటిసారి వచ్చింది. లాడ్జిలో చాన్నాళ్ళున్న మనిషి. రోజూ పొద్దున్నే ఆ లాడ్జికి వెళ్ళే మొగుడు. ఇప్పుడు తన ఇంటి వరండాలో ఆ ముఖం. ఎక్కడో చూసి ఉండకపోతే ఎలా చెక్కుతాడు.

బొమ్మని ముందుగదిలో గాజు బీరువాలో పెట్టాడు లూయిస్. పెట్టిన మర్నాటికే చేతులు అరిగిపోయాయి.

జోడించిన చేతుల వేళ్ళు విడివిడిగా, గోళ్ళతో సహా చెక్కాడాయన. పొద్దున చూస్తే వేళ్ళన్నీ కలిసిపోయి నున్నటి ముద్దలా ఉన్నాయి. సబ్బు తడిగా ఉంది. బీరువా అరలో కొంచెం నురగ.

"నీకు కోపం ఉంటే నాతో చెప్పాలి. బొమ్మేం చేసింది," అన్నాడు.

"నేను ముట్టుకున్నానా దాన్ని?"

"మరెవరు ముట్టుకున్నారు? ఇంట్లో మనిద్దరమే కదా."

ఆమెకి మండిపోయింది. ఆయనే చేసి తన మీదికి తోస్తున్నాడనిపించింది. లూయిస్ గంధం సబ్బు ముద్ద నూరి వేళ్ళు మళ్ళీ అతికాడు. మర్నాడు వేళ్ళతోపాటు ఎడమ చెంప అరిగింది. పెరట్లో స్నానాల గది గచ్చు ఇంకా ఎవరూ స్నానం చెయ్యకముందే తడిగా ఉంది. జోసెఫిన్ గుమ్మం దగ్గర నిలబడి ఆ తడి వంక చాలాసేపు చూసింది. నీళ్ళలో గంధం వాసన. ఆయన దొంగతనంగా లేచి ఆ బొమ్మతో ఇక్కడికొచ్చి ఏం చేస్తున్నాడో ఊహించుకోడానికే సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆమె బీరువాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. లూయిస్ అది చూశాడు.

తెల్లారేసరికి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి బొడ్లోనే ఉంది. గాజు తలుపు వెనక బొమ్మకి రెండో చెంప కూడా పోయింది. గడ్డం మీది నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి.

"తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది," అన్నాడు లూయిస్ నెమ్మదిగా.

ఆ నెమ్మది ఆమెకి అరుపుకంటే కష్టంగా అనిపించింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన నిజంగానే తనని అనుమానిస్తున్నాడు. లేదా అనుమానిస్తున్నట్టు నటిస్తున్నాడు. ఏది నిజమో తేల్చుకోలేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే గొడుగేసుకుని లాడ్జికి వెళ్ళింది.

వీరబాబు కౌంటర్లో లేచి నిలబడ్డాడు. "అమ్మగారూ, మీరెందుకండి వచ్చారు, కబురు పెడితే నేనే వచ్చేవాడిని కదా."

"మీ లాడ్జిలో చాన్నాళ్ళుందంట, ఎవరో ఆవిడ. ముక్కు మీద చిల్లు, ఒక కన్ను చిన్నది. ఎవరు బాబూ ఆవిడ?"

వీరబాబు ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం పోయింది. "అలాంటివాళ్ళెవరూ లేరండి. మన దగ్గర ఓ రోజు, రెండ్రోజులు ఉండేవాళ్ళే. టీ తెప్పించనా?"

మెట్ల దగ్గర నేల తుడుస్తున్న ముసలావిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. గదులు శుభ్రం చేసే సత్యవతమ్మ. ఆమె జోసెఫిన్ వంక ఒకసారి చూసి తల దించుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఆ చూపు చాలు. టీ వద్దని జోసెఫిన్ వచ్చేసింది. మర్నాడు సత్యవతమ్మ పనిలోకి వెళ్ళని రోజని కనుక్కుని, ఆటో ఎక్కి మెట్టకూరులో ఆమె ఇంటికి వెళ్ళింది.

సత్యవతమ్మ చేట పక్కన పెట్టి కుర్చీ వేసింది. అడిగింది విని, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కింద కూర్చుంది.

"దసరాల ముందు వొచ్చిందండి. ఒక్కత్తే. పైన ఏటి వైపు మూల గది. పొద్దున్నించి సందేళ దాకా కుళాయి సప్పుడే. సబ్బు తెమ్మనేది. తెచ్చిస్తే, మళ్ళీ సబ్బు. గంధం సబ్బే కావాలి. ఓ రోజు తలుపు సందులోంచి చేతులు బయటపెట్టిందండి. చూడు సత్యవతీ, ఇంకా పోలేదు అంది."

"ఏం పోలేదు?"

"నాకేం కనపళ్ళేదండి. తెల్లగా, ఉడకేసినట్టున్నాయి. అరిసేతిలో గీతలుంటాయి కదండి, అయ్యి కూడా లేవు. ఏం లేదమ్మా, శుభ్రంగానే ఉన్నాయి అన్నాను. నా వంక చూసిందండి... నేనేదో కావాలని దాస్తున్నట్టు."

జోసెఫిన్ తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "తరవాత?"

"ఓ పొద్దున్న గది తలుపు కింద నుంచి నురగ వరండాలోకి వొచ్చేసిందండి. లోపల గడియేసుంది. వీరబాబుగారు తలుపు బద్దలుకొట్టించారు. లోపల మడిసి లేదు. కుళాయి ఇప్పేసుంది. జోళ్ళున్నాయి, చీరలున్నాయి. కిటికీకి ఊసలు. ఎలా ఎల్లిందో మరి. ఖాళీ చేసెల్లిపోయిందని రాసేసుకున్నారు. నన్ను నోరెత్తొద్దన్నారు."

"మా మేష్టారు ఆవిడ్ని ఎప్పుడైనా చూశారా? నిజం చెప్పు సత్యవతీ, నేనేమీ అనుకోను."

"అయ్యో, అలాటిదేం లేదండి. మేష్టారు మెట్లెక్కనే ఎక్కరు. కిందే టీ తాగి ఎల్లిపోతారు." అని, సత్యవతమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఆ గది కడిగిన రోజు మాత్రం... ఆ సబ్బు నేనే ఏరుకుంటానని పైకొచ్చారండి. లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపు రాలేదు. ఎవరితోనో మాట్టాడుతున్నట్టు వినపడిందండి. ఫోనేమో అనుకున్నాను."

జోసెఫిన్ లేచి చెప్పులేసుకుంది. ఆటో ఎక్కాక, యానాం దగ్గర పడుతుండగా గుర్తొచ్చింది. పొద్దున లాడ్జికి వెళ్ళేటప్పుడు ఆయన ఫోను తీసుకెళ్ళడు. వంటింటి గూట్లో ఛార్జింగులో ఉంటుంది.

ఆ వారంలోనే వాయుగుండం పట్టుకుంది. ఆగకుండా వాన. గోదావరి మీద నుంచి వచ్చే గాలికి కొబ్బరిమట్టలు విరిగి రోడ్డు మీద పడుతున్నాయి. పాక కట్టే సంగతి మాట్లాడాలని ఫాదర్‌గారు కబురు పెడితే, సందె చీకట్లు పడుతుండగా లూయిస్ గొడుగు, టార్చి తీసుకుని చర్చికి బయల్దేరాడు.

"వాన తగ్గాక వెళ్ళొచ్చు కదా," అంది.

"వచ్చేస్తాను. నువ్వు పెరట్లోకి వెళ్ళకు, గచ్చు జారుడుగా ఉంది," అన్నాడు.

ఆయన వెళ్ళగానే కరెంటు పోయింది. జోసెఫిన్ కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెట్టింది. ఇదే అదను అనుకుంది. ఆయన వచ్చేలోగా బొమ్మని తీసి పచ్చడిబండతో చితక్కొట్టి వానలో పారబోస్తే సరి. పొద్దున ఏం అంటాడో అననీ. బొడ్లోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచింది.

బొమ్మ లేదు.

అర మీద తడి గుండ్రంగా మిగిలి ఉంది. గంధం వాసన ఒక్కసారి ముఖాన కొట్టింది.

అప్పుడు వినపడింది. పెరటివైపు నుంచి. మగ్గుతో నీళ్ళు ఎత్తి పోసుకుంటున్న చప్పుడు. వాన చప్పుడు కాదు. నీళ్ళు పడతాయి, ఆగుతాయి. తర్వాత రుద్దుతున్న చప్పుడు. సబ్బు రుద్దే చప్పుడు ఎవరికి తెలియదు. మళ్ళీ నీళ్ళు.

ఆమెకి ముందు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. చర్చికని చెప్పి పెరటి దారిన తిరిగొచ్చాడు. బొమ్మ తీసుకెళ్ళాడు. ఈరోజు చేతికి దొరికాడు.

కొవ్వొత్తి అక్కడే వదిలేసి వంటింట్లోంచి పెరటి వరండాలోకి నడిచింది. దాని వెలుగు తలుపుల్లోంచి అక్కడిదాకా మసగ్గా పడుతోంది. స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల దీపం లేదు.

"ఏవండీ. వచ్చేశారా?"

మగ్గు చప్పుడు ఆగింది.

"మీరేనా?"

మళ్ళీ రుద్దడం మొదలైంది. నెమ్మదిగా. ఓపిగ్గా. తలుపు కింద నుంచి నురగ బయటికి వచ్చింది. గచ్చు మీద పాకుతూ వచ్చి ఆమె పాదాలని తాకింది. నురగ గోరువెచ్చగా ఉంది. ఆ ఇంట్లో పొద్దున్నించి ఎవరూ నీళ్ళు కాచలేదు.

వెనక్కి వెళ్దామనుకుంది. అక్కడే నిలబడి ఉంది.

లోపల రుద్దుతున్న చప్పుడు గట్టిపడింది. రుద్దుతున్నట్టు లేదు... గీకుతున్నట్టుంది. ఆ చప్పుడు మధ్యలో, ఊపిరితో కలిసి, ఓ ఆడగొంతు.

"ఇంకా... ఇంకా పోలేదు..."

జోసెఫిన్ నోట్లో జపం మొదలైంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావట్లేదు.

"సబ్బు..." అంది గొంతు. తలుపుకి ఆనుకుని అన్నట్టు, చాలా దగ్గరగా. "సబ్బు అయిపోయింది... కాస్త అందివ్వవూ..."

"నా దగ్గర లేదు," అంది జోసెఫిన్.

"నీ చేతిలోనే ఉంది కదా."

కిందికి చూసింది.

బొమ్మ ఆమె చేతుల్లోనే ఉంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెలకి ఆనించుకుని ఉంది. రవిక తడిసిపోయింది. ఆమె బొటనవేలు బొమ్మ ముఖం మీద కదులుతోంది. నెమ్మదిగా, గుండ్రంగా, అరిగిన చెంప మీద. వేలు ఆపాలనుకుంది. అది ఆగలేదు. గోళ్ళ నిండా సబ్బు. ఇప్పటి సబ్బు కాదు... ఎండి గట్టిపడింది కూడా ఉంది.

బీరువా తెరవడం గుర్తుంది. ఖాళీగా ఉండడం గుర్తుంది. దీన్ని ఎప్పుడు ఎత్తుకుందో గుర్తులేదు.

నేనేనా. రోజూ నేనేనా.

తలుపు గడియ తీసిన చప్పుడైంది. తలుపు వేలెడంత తెరుచుకుంది. ఇంకాస్త. ఆ చీకట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తెల్లగా, నీళ్ళలో నానిపోయి ఉంది. అరచెయ్యి పైకి పెట్టి ఆగింది. అందులో ఒక్క గీత కూడా లేదు. మొదళ్ళలో తెల్లటి చంద్రవంక లేని గోళ్ళు. మణికట్టు నుంచి నురగ కారుతోంది.

జోసెఫిన్ బొమ్మని ఆ చేతిలో పెట్టింది.

ఎందుకు పెట్టిందో తర్వాత ఎన్నిసార్లు తనని తాను అడిగిందో. స్నానాల గదిలోంచి చెయ్యి బయటికొచ్చి సబ్బు అడిగితే అందివ్వడం పెళ్ళైనప్పటి నుంచీ చేస్తున్న పని. అలవాటు కొద్దీ ఇచ్చేశాననుకుంది. అలా అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

తలుపు మూసుకుంది. నీళ్ళు పడ్డాయి. రుద్దే చప్పుడు... ఆగకుండా, వేగంగా, ఇంకా వేగంగా. నురగ ఆమె చీలమండల దాకా వచ్చింది. అప్పుడు ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. వాన చప్పుడు తిరిగి వినపడింది.

ఎంతసేపు నిలబడిందో తెలియదు. వెనక నుంచి టార్చి వెలుగు పడింది. లూయిస్. నిలువునా తడిసి ఉన్నాడు. ఆమె వంక, నురగ వంక, తలుపు వంక చూశాడు. ఆమెని పక్కకి జరిపి తలుపు తోశాడు. లోపల ఎవరూ లేరు. బకెట్టు నిండా నీళ్ళు. గచ్చు మీద, సరిగ్గా మధ్యలో, ఎండుటాకంత పల్చటి సబ్బు బిళ్ళ. ముఖం లేదు, చేతులు లేవు.

లూయిస్ వంగి దాన్ని తీశాడు. వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"లోపలికి రమ్మందా నిన్ను?" అన్నాడు మెల్లగా.

జోసెఫిన్ ఆయన ముఖం వంక చూసింది. "ఎవరు?"

ఆయన టార్చి ఆర్పేశాడు. "ఎవరూ లేరు. పద, తడిసిపోయావు. జ్వరం వస్తుంది."

మర్నాడు ఆ బిళ్ళని కాయితంలో చుట్టి రేవులోకి తీసుకెళ్ళి గోదాట్లో పడేశానన్నాడు. ఆమె చూడలేదు. ఈసారి పాకలో పాత మట్టిబొమ్మలే పెట్టుకోమని చర్చిలో చెప్పేశాడు. లాడ్జికి వెళ్ళడం మానేశాడు. వరండా కడిగించాడు. ఇల్లంతా ఫినాయిలు వాసన. జోసెఫిన్ గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. పడుకునేముందు చేతులు రెండూ చీర కొంగుతో కలిపి కట్టుకునేది. తెల్లారి చూస్తే కట్టు అలాగే ఉండేది. రోజులు గడిచేకొద్దీ కట్టుకోవడం మానేసింది. ఆయన మళ్ళీ ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. పేపరు చదువుతూ, మొక్కలకి నీళ్ళు పోస్తూ ఈల. ఆమె సంతోషించాల్సింది. కానీ ఆయన ఈల వేసి ఆపే తీరు గమనిస్తూ కూర్చునేది. కాస్త వేస్తాడు, ఆపుతాడు. ఆపినచోట నవ్వుకుంటాడు. మళ్ళీ అందుకుంటాడు.

అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆ రాత్రి ఆ మాట ఎందుకన్నారు, ఆ గదిలో తలుపేసుకుని ఎవరితో మాట్లాడారు అని. అడిగితే జవాబు చెప్పేస్తాడేమోనని అడగలేదు.

నవంబరు నెలాఖరుకి పెన్షనువాళ్ళకి బతికున్నట్టు రుజువు పంపాలి. ఇద్దరూ బజారులో నెట్ సెంటరుకి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. ఎండ బాగా కాస్తోంది. ఎదురుగా పళ్ళబండి వాడు బత్తాయిలు తుడుచుకుంటున్నాడు. నెట్ సెంటరు నడిపే అమ్మాయి తేజస్విని, ఇప్పుడంతా ఫోన్లోనే అయిపోతుందని, లూయిస్‌ని గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చోమంది.

"ముఖం నిటారుగా పెట్టండి అంకుల్. కళ్ళు ఒకసారి ఆర్పండి, చాలు."

తేజస్విని ఫోను ఎత్తి పట్టుకుంది. జోసెఫిన్ ఆ అమ్మాయి వెనక, గుమ్మం దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటోంది.

"తీసుకోవట్లేదు. ఇంకోసారి ఆర్పండి అంకుల్."

లూయిస్ ఆర్పాడు.

"ఒక్కళ్ళే కనపడాలి, అందుకే తీసుకోవట్లేదు," అంది తేజస్విని, ఫోన్లోంచి కళ్ళు తియ్యకుండా. "ఆంటీ, మీరు కొంచెం పక్కకి రండి. మీ ముఖం కూడా పడుతోంది."

"నేనిక్కడున్నాను కదమ్మా," అంది జోసెఫిన్. "నీ వెనకాల."

తేజస్విని వెనక్కి తిరిగి ఆమెని చూసింది. మళ్ళీ ఫోను వంక చూసింది. వేలు గాల్లో అలాగే ఉండిపోయింది.

జోసెఫిన్ గోడ వంక చూసింది. సున్నం వేసిన గోడ, దానికో క్యాలెండరు, అంతే. బెంచీ మీద లూయిస్ ఒక్కడే ఉన్నాడు. ఆయన ఫోను వంక చూడట్లేదు, ఆమె వంకా చూడట్లేదు. పంచె సర్దుకుని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి ఇరుకైతే జరిగినట్టు, కొంచెం అవతలికి జరిగాడు.